ఎడమ చెవిలో హారన్

ఆ ఉదయం చౌడేపల్లె రోడ్డు మీద, కల్వర్టు దాటాక వచ్చే మలుపులో ఉన్నవి ఇవి. ఒక చిన్న గూడ్సు బండి. దాని వెనక, మదనపల్లె మార్కెట్టు నుంచి తిరిగి తెస్తున్న ఖాళీ టమాటా క్రేట్లు. డ్రైవరు సీట్లో, సెలవుకు ఊరికి వచ్చిన నేను. నా పక్కన బండి సొంతదారు, నాతోపాటు మదనపల్లెలో డిప్లొమా చదివిన స్నేహితుడు. ముందురోజు క్రేటు అంచు కోసుకుపోయి అతని కుడిచేతికి కట్టు ఉంది. రోడ్డు ఎడమ అంచున రెండు మేకలు. మాకు ముప్పై మీటర్ల ముందు ఒక సైకిలు, దాని క్యారియరుకు అటొకటి ఇటొకటి పాల క్యాన్లు. సైకిలు మీద మా చిన్నాయన, అంటే మా నాయనకు తమ్ముడు.

వెనకనుంచే గుర్తుపట్టి వేగం తగ్గించాను.

"యాల నిదానిస్తాండావు?" అన్నాడు స్నేహితుడు. "హారన్ కొట్టప్పా, పక్కకు పోతాడు."

"మా చిన్నాయనరా."

"అయితే ఇంకా గట్టిగా కొట్టు. మనోడే కదా."

కొట్టాను. చిన్నాయన పక్కకు పోయాడు. కుడిపక్కకు, సరిగ్గా మా బండి ముందుకు.

బ్రేకు తొక్కాను. వెనక క్రేట్లన్నీ ముందుకు జారి క్యాబిన్‌ను గుద్దాయి. బంపరుకూ సైకిలు వెనక చక్రానికీ మధ్య జానెడు దూరంలో బండి ఆగింది. సైకిలు పడింది. ఒక క్యాను మూత ఊడి పాలు తారు మీదుగా మట్టిలోకి పారాయి. చిన్నాయన లేచి, మోచేయి తుడుచుకుంటూ, తిట్టడానికి నా కిటికీ దగ్గరకు వచ్చి ఆగిపోయాడు.

"నువ్వా! ఎడంపక్క వస్తాండావని కదా నేను కుడికి తిప్పితి. నడిరోడ్డులో యాల ఉండావు?"

"నేను మొదట్నుంచీ ఈడనే ఉండా చిన్నాయనా."

"లేదు. ఎడంపక్కన్నే కొట్టినావు. నా చెవికి తెలీదా?"

"సిన్నాయనా, ఎడంపక్క ఉండేటివి మేకలు" అన్నాడు స్నేహితుడు. "అవి హారన్ కొట్టవు."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. నా అరచేయి ఇంకా హారన్ మీదే ఉంది.

నేను కుప్పంలో ఒక గ్రానైటు కోత ఫ్యాక్టరీలో యంత్రాల మరమ్మతు చూస్తాను. నా గది నుంచి ఫ్యాక్టరీకి ఆరు కిలోమీటర్లు. రోజూ సైకిలు మీదే పోయి వస్తాను. మూడు రాష్ట్రాల నంబరు ప్లేట్ల లారీలు బండలు ఎత్తుకుని ఆ రోడ్డు మీదే తిరుగుతాయి. మొదటి నెలలోనే ఒక నోటుబుక్కు పెట్టి, నాకు పడ్డ హారన్లను రకాలుగా విడదీసి రాసుకోవడం మొదలుపెట్టాను. ఒకటి, ఒక చిన్న కూత. వస్తున్నాను అని చెప్పడం. రెండు, రెండు చిన్న కూతలు. దాటుతున్నాను అని. మూడు, నొక్కి పట్టుకున్నది. నువ్వు రోడ్డు మీద ఉండకూడదు అని. నాలుగు, ఐదారు స్వరాల గాలి హారన్. అది ఏమీ చెప్పదు, భుజాలను చెవులదాకా ఎగరగొడుతుంది. ఐదు, దాటిపోయిన తరువాత కొట్టేది. అది ఎందుకో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

కారులో కూర్చున్నవాడికి హారన్ ఒక శబ్దం. సైకిలు మీద ఉన్నవాడికి అది ఒంటికి తగులుతుంది. ముందు మెడ బిగుస్తుంది, తరువాత వేళ్లు. ఆ అర సెకనులో హ్యాండిల్ ఎటు కదులుతుందో మన చేతిలో ఉండదు. బండి వెళ్లిపోయాక కోపం వస్తుంది, కానీ ఎదురుగా తిట్టడానికి ఎవరూ ఉండరు. ఆ కోపం ఫ్యాక్టరీ గేటు దాకా నాతో వస్తుంది. రంపానికి నీళ్లు వదులుతున్నప్పుడు కూడా లోపల ఎవరితోనో వాదిస్తూనే ఉంటాను. మూడో రకం హారన్‌కు పక్కకు జరగకూడదని ఒక నియమం పెట్టుకున్నాను. జరిగితే తప్పు ఒప్పుకున్నట్టు అనిపించేది.

చిన్నాయనది కూడా ఇదే పట్టుదల అనుకునేవాడిని. పుంగనూరు బస్టాండులో ఆటోవాళ్లు ఆయన గురించి చెప్పుకునేవాళ్లు. "ఆ పాలాయప్పకు హారన్ కొడితే కావాలనే అడ్డమొస్తాడు. మొండోడు." విన్న ప్రతిసారీ నాకు లోపల గర్వంగా ఉండేది. ఆ మాటను నోటుబుక్కులో కూడా రాసుకున్నాను, మా ఇంట్లో నాలాంటివాడు ఇంకొకడు ఉన్నాడని.

ఎడమనుంచే విన్నానన్న ఆయన మాట నన్ను వదల్లేదు. ఆ సాయంత్రం చిన్నాయన ఇంటి ముందు ఆయన్ను స్టూలు మీద గోడవైపు కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాను. సైకిలు బెల్లు విప్పి చేతిలో పట్టుకుని, వెనక, కుడి, ఎడమ, ఆరు చోట్ల నిలబడి కొట్టాను. శబ్దం వచ్చినవైపు వేలు చూపించమన్నాను. ఆరుసార్లూ ఎడమవైపే చూపించాడు. కుడి చెవి దగ్గర జానెడు దూరంలో కొట్టినప్పుడు కూడా ఎడమవైపే.

శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియాలంటే రెండు చెవులు కావాలి. ఒక చెవే పనిచేస్తే లోకమంతా ఆ చెవి పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. మా రోడ్ల మీద ఆటోలు ఎడమపక్క మట్టిలోనుంచి కూడా దూరి వస్తాయి కాబట్టి, హారన్ ఎడమనుంచి వినిపిస్తే కుడికి తప్పుకోవడం ఆయనకు తెలివైన పనే. మొండితనం కాదు. ఎన్నేళ్లుగానో ప్రతి డ్రైవరూ ఆయన్ను కాపాడడానికే హారన్ కొట్టి, తన బండి ముందుకే లాక్కుంటున్నాడు. నేను కూడా.

చిన్నమ్మ గడప మీద కూర్చుని ఇదంతా చూసింది.

"అంటే ఈయప్పకు కుడి చెవి ల్యాదా?"

"ల్యాదు చిన్నమ్మా."

"పెండ్లయిన కాణ్నుంచి కుడిపక్క కూచోని మాట్లాడితినే! అంతా గోడకు చెప్పినట్టా?"

"అందుకే మన సంసారం బాగుండాది" అన్నాడు చిన్నాయన, కళ్లు మూసుకునే.

ఆమె నవ్వలేదు. సైకిలు మానేయమంది, క్యాన్లు ఆటోలో వేసుకుని పొమ్మంది. ఆటో పది మంది ఎక్కితే తప్ప కదలదు, పాలకేంద్రం ఏడుంపావుకు తూకం ఆపేస్తుంది అన్నాడు ఆయన. "సైకిలు వద్దంటే ఆవుల్ని కూడా వద్దను. రెండూ ఒగటే." ఆమెకు మొగుడు కావాలి, ఆయనకు మూడు ఆవులు కావాలి. ఇద్దరూ నా వైపు చూశారు, చదువుకున్నవాడిని కదా అని.

మదనపల్లెలో చెవి డాక్టరుకు చూపించాను. కుడి చెవి నరం పోయిందని, మిషను పెట్టినా లాభం తక్కువని చెప్పాడు. నాకు తోచింది అద్దం. మోటారు సైకిలు అద్దం ఒకటి కొని, క్లాంపుతో హ్యాండిల్ కుడిపక్కన బిగించాను.

"నేనేమన్నా పెండ్లికొడుకునా, అద్దం సూసుకుంటా పోయేదానికి?"

"హారన్ ఇనపడితే తిప్పొద్దు చిన్నాయనా. అద్దంలో సూడు. అద్దంలో ఏమీ కనపడకపోయినా తిప్పొద్దు. నీ గీతలో నువ్వు పో."

"ఇన్నేండ్ల అలవాటప్పా. చెవి చెప్తే చెయ్యి ఇంటాది, నన్నడగదు."

చిన్నమ్మ ఒక షరతు పెట్టింది. పదిహేను రోజులు అద్దంతో అలవాటు చేసుకోవాలి. ఆ తరువాత నేను వచ్చి, ఒక ఉదయం ఆయన వెనక సైకిలు మీద పోయి చూడాలి. ఒక్కసారి కూడా కుడికి తిరగకపోతే సైకిలు ఆయనది. తిరిగితే మళ్లీ ఎక్కకూడదు. చిన్నాయన సరేనన్నాడు. తన పాలల్లో నీళ్లు లేవని తూకం దగ్గర చెప్పినంత ధీమాగా అన్నాడు.

ఆ పదిహేను రోజులూ కుప్పంలో నా నోటుబుక్కు తెరవలేదు. వెనక హారన్ పడినప్పుడల్లా నాకు కోపం బదులు ఒకే ప్రశ్న వచ్చేది. ఇప్పుడు ఆయన చెయ్యి ఎటు కదిలి ఉంటుంది? నా నియమం కూడా మర్చిపోయాను. మూడో రకానికి కూడా మట్టిలోకి దిగేవాడిని.

చెప్పిన రోజుకు, ఫ్యాక్టరీలో పలకలు లెక్కపెట్టే నొక్కుడు కౌంటర్లు రెండు అడిగి తెచ్చుకున్నాను. ఎడమచేతిలోది హారన్లకు, కుడిచేతిలోది ఆయన కుడికి తిరిగినప్పుడు. పాలకేంద్రం దాకా నాలుగు కిలోమీటర్లు. పదిహేను మీటర్ల వెనక నేను. మొదటి ఆటో, కాలేజీ బస్సు, టమాటా లారీ. ప్రతి హారన్‌కూ ఆయన భుజాలు ఎగిరేవి, తల అద్దంవైపు వంగేది, హ్యాండిల్ నిలిచేది. మూడు కిలోమీటర్ల రాయి దాటేసరికి నాకు అరవాలన్నంత సంతోషంగా ఉంది. కుడిచేతి బొటనవేలు మీటకు తగలకుండా దూరంగా పట్టుకున్నాను.

పాలకేంద్రం కనబడుతున్న చోట, వెనకనుంచి ఒక లారీ గాలి హారన్ కొట్టింది. నాలుగో రకం. ఆయన అద్దంలోకి చూశాడు. చూస్తూనే కుడికి తిప్పాడు. లారీ డ్రైవరు అవతలి అంచు దాకా బండి తిప్పుకుని పోయాడు. నేను మీట నొక్కింది నాకు తెలియలేదు, చప్పుడు మాత్రం వినిపించింది.

తూకం దగ్గర ఆయన నా ముఖం చూడలేదు. తిరిగి వస్తూ సగం దారిలో దిగి, సైకిలు పట్టుకుని నిలబడ్డాడు.

"నీ చేతిలో ఆ లెక్కల డబ్బాను సున్నాకు తిప్పొచ్చా?"

"తిప్పొచ్చు."

ఆయన మళ్లీ సైకిలు ఎక్కలేదు. మిగిలిన దారి ఇద్దరం నడిచాం. కౌంటరు పక్కన, అంకెను సున్నా చేసే చిన్న మరను మునివేలితో తడుముతూనే ఉన్నాను, కానీ తిప్పలేదు. లారీ చక్రం ఆయన మోకాలి పక్కనుంచి పోవడం నేను చూశాను.

ఇంటి దగ్గర చిన్నమ్మ చెయ్యి చాపింది. రెండు కౌంటర్లూ ఇచ్చాను. ఎడమదానిలో నలభై మూడు. కుడిదానిలో ఒకటి.

"నలభై మూడింటికి ఒగటే కదా" అన్నాడు చిన్నాయన.

"ఒగటి సాలు" అంది ఆమె, ఎడమపక్కకు వచ్చి నిలబడి, ఆయనకు వినిపించేటట్టు.

ఆవులను అమ్మలేదు. మరుసటి రోజునుంచి ఆయన క్యాన్లు సైకిలుకే తగిలించుకుని, పక్కన నడుస్తూ తోసుకుపోతున్నాడు. ఆవుల పాలు అంతకుముందు కంటే ముందుగా పిండుతున్నారు. హారన్లు ఇప్పటికీ కొడుతున్నారు. అద్దం ఇంకా హ్యాండిల్‌కే ఉంది. పోయిన ఆదివారం నేను కూడా ఆయనతో నడిచి, గడియారం చూశాను. పాలకేంద్రానికి తొక్కితే పదిహేడు నిమిషాలు. తోసుకుంటూ నడిస్తే యాభై ఎనిమిది.