గోడ మీద పెట్టిన గిన్నెలు

ఇంట్లో సామాను తగ్గించుకోవాలని ఎన్నాళ్లుగానో అనుకుంటూ, ఈ రోజు పొద్దున ఎట్టకేలకు అటక ఎక్కాను. ఉండేది ముగ్గురం. అటక మీద మాత్రం పెళ్లి భోజనాలకు సరిపడా స్టీలు గిన్నెలు, అన్నిటి మీదా మా అత్తమ్మ పేరు! వాడనివన్నీ తోమి, కావలసినవాళ్లు తీసుకుంటారని కాంపౌండ్ గోడ మీద పెట్టాను. అత్తమ్మ మూతి ముడుచుకుంది గానీ అడ్డు చెప్పలేదు. మధ్యాహ్నానికి గోడ ఖాళీ. ఇల్లంతా తేలికైనట్టనిపించి హాయిగా ఓ కునుకు తీశాను.

సాయంత్రం బెల్ మోగింది. ఎదురింటి రాజక్క, చేతిలో మా గిన్నె.

"గిన్నెలు తోమి గోడ మీదనే మర్సిపోయినవేంది? కోతులు ఎత్కపోతయని మా ఇంట్ల పెట్టిన. ఉత్త గిన్నె ఎట్లియ్యాలె అని జర సర్వపిండి ఏసిన."

"మర్సిపోలే అక్కా, కావాల్నన్నోళ్లు తీస్కపోతరని పెట్టిన."

"పేరున్న గిన్నె ఎవలన్న ఉంచుకుంటరా పిల్లా!"

చీకటి పడేలోగా మిగతావీ ఒక్కో ఇంటి నుంచి తిరిగొచ్చాయి. ఒకదాంట్లో గారెలు, ఒకదాంట్లో చింతకాయ తొక్కు, ఇంకోదాంట్లో వేడి వేడి పాయసం. అటక మళ్లీ నిండింది, మా పొట్టలూ నిండాయి.

సర్వపిండి తుంచుకుంటూ అత్తమ్మ మెల్లగా అడిగింది: "రేపు బగారన్నం వండే పెద్ద గంజు గోడ మీద పెడ్దామా?"

మా వీధివాళ్లు ఎవరైనా ఈ పోస్టు చదువుతుంటే, మేం మటన్ కూడా తింటామని గమనించగలరు.