వీధి గుమ్మంలోంచి వెళ్లి పెరటి గుమ్మంలో ఉద్యోగం

ఆ కోడలుపిల్ల కంప్యూటరు మీద ఇళ్ల ప్లాన్లు గీస్తుంది. లోకంలో అందరికీ ఏ గది ఎక్కడుండాలో చెబుతుంది గానీ, తనింట్లో తనెక్కడ కూర్చోవాలో తెలిస్తేగా! లేచిన నైటీతోనే మంచమెక్కి, కంప్యూటరు ఒళ్లో పెట్టుకునేది. రెండు గీతలు గీసేలోపే అత్త, "ఇంట్లోనే ఉన్నావుగా, పాలు చూడవే" అనేది. మొగుడు ఫోను చేసి, "ఇంట్లోనే ఉన్నావుగా, గ్యాసు బండొస్తే తీసుకో" అనేవాడు. పోనీ ఈ పిల్ల మాత్రం తక్కువా? మధ్యలో ఓ కునుకు, ఓ గుప్పెడు వేరుశనక్కాయలు. పగటి పని రాత్రికి జారేది, రాత్రిది మర్నాటికి.

చూసీ చూసీ పైఆఫీసరు తేల్చేశాడు. "ఈ పెద్ద ప్లాను చెప్పిన రోజు మధ్యాహ్నానికి రాలేదో, ఇంటి నుంచి పని బందు. ఇక్కడికొచ్చి కూర్చోవాలి."

ఆ ఆఫీసేమో వేరే ఊళ్లో. ఈ పిల్లకేమో ఇంకా పాకే బుడ్డోడు. వాణ్ణొదిలి రోజూ ఎలా వెళ్లేది?

మర్నాడు పొద్దున్నే తలారా స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, సంచీ తగిలించుకుని, "వెళ్లొస్తా అత్తయ్యా" అంది. వీధి గుమ్మం దిగి, సందంతా చుట్టి, పెరటి గుమ్మంలోంచి సామాన్ల గదిలోకొచ్చి కూర్చుంది. బల్ల, కుర్చీ, కంప్యూటరు రాత్రే అక్కడ సర్దిపెట్టుకుంది.

"పిచ్చిగానీ పట్టిందా? పెరట్లోకెళ్లడానికి వీధంతా తిరగాలటే?" అంది అత్త.

"మంచం మీదుంటే నేను మీ కోడల్ని అత్తయ్యా. ఇక్కడ కూర్చుంటే ఉద్యోగస్తురాల్ని. సాయంత్రం మళ్లీ వీధి గుమ్మంలోంచే వస్తా."

నవ్విన అత్తే నాలుగు రోజులకి అలవాటు పడిపోయింది. చొక్కా కనపడలేదని కొడుకు కేకేస్తే, "నీ పెళ్లాం ఆఫీసులో ఉందిరా, నువ్వే వెతుక్కో" అనేది. పని చకచకా సాగింది.

తీరా ప్లాను పంపాల్సిన రోజు, పిల్ల దారిలో ఓ పెన్ను కొనుక్కుని పెరట్లోకొచ్చేసరికి తలుపు లోపల గడియ! వీధి వైపు పరిగెత్తితే తాళం! కంప్యూటరేమో లోపల. అత్తకి ఫోను చేసింది.

"అత్తయ్యా, ఎక్కడున్నారు?"

"బుడ్డోడికి టీకా అన్నాగా, డాక్టరు దగ్గర వరసలో ఉన్నాం."

"తలుపులన్నీ వేసేశారేంటీ?"

"నువ్వు ఆఫీసుకెళ్లావుగదే! ఇంట్లో ఎవరూ లేకపోతే తాళం వెయ్యరూ?"

ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టుంది ఈవిడ వరస! అంతలోనే ఫోనులో అత్త నాలిక్కరుచుకుంది. "అయ్యో నా మతి మండా! వస్తున్నా, వస్తున్నా."

వరసలో ముందుకొచ్చిన చోటు వదులుకుని, బుడ్డోణ్ణి చంకనేసుకుని, ఆటోలో వచ్చిపడింది. పిల్ల చెప్పులైనా విప్పకుండా లోపలికి దూకింది. గడువుకి కాస్త ముందే ప్లాను వెళ్లిపోయింది. కాసేపటికి ఆఫీసరు ఫోను చేశాడు: "బాగుందమ్మా. నువ్వక్కడే ఉండు, ఇక్కడికి రానక్కర్లేదు."

ఆ మాట చెబితే అత్త బుడ్డోణ్ణి గాల్లోకెగరేసింది. తర్వాత సామాన్ల గదిలోకి తొంగిచూసి, కుర్చీలో ఓసారి కూర్చుని చూసింది.

"ఏమే, మీ ఆఫీసుకి సెలవెప్పుడు?"

"ఆదివారం."

"అయితే ఆదివారం నేనొస్తా ఇక్కడికి. వంటా పిల్లాడూ నువ్వు చూసుకో. ఎవరైనా పిలిస్తే, అత్తయ్య ఆఫీసులో ఉందని చెప్పు."