తేనె పెట్టెలను నీళ్ళకు తోలిన మామ

ఈ పొద్దున మా పెరట్లో ఆరేసిన తడిబట్ట మీద ఒక తేనెటీగ వాలి నీళ్ళు పీలుస్తుంటే కోడలు చీపురు ఎత్తింది. "తాగి పోనీలేమ్మా" అని చెయ్యి పట్టుకుని ఆపాను. మా ఊరు బలసముద్రం వదిలి పావగడలో ఇల్లు కట్టుకున్నా, దాహంతో ఉన్న తేనెటీగ కనిపిస్తే మా మామ ముందు దోషిలా నిలబడినట్టే ఉంటుంది నాకు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. గొర్రెల మనిషి. మేపే బీళ్ళన్నీ సోలార్ ప్లేట్ల కిందికి పోయి చుట్టూ కంచె పడ్డాక మందను అమ్మేశాడు. చేతిలో కర్ర మిగిలింది, ముందు నడిచే మంద లేదు. అందుకని పొద్దస్తమానం మమ్మల్ని అదిలించేవాడు. ఆ రోజుల్లోనే మా ఆడవాళ్ళ సంఘం ఊరి బయట నీటిగుంట తవ్వించి, తేనె పెట్టెలు పంచింది. నా వంతుకు వచ్చిన రెండు పెట్టెలను మామకు మిగిలిన చారెడు చేను చెక్కలో బండ మీద పెట్టించాను. అవి నిలబడితే ఆయన ఇంటిపట్టున ఉంటాడు, లేదంటే అరిగిన మోకాళ్ళతో ఆ సోలార్ ప్లేట్లు కడిగే కూలికి పోవాల్సిందే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

నేను తేనెటీగల పెంపకం శిక్షణకు వెళ్ళొచ్చిన రోజు టీ అంగడి దగ్గర పదిమందిలో మామ నన్ను చూసి నవ్వాడు. "ఏమే, పురుగుల్ని కాసేదానికి బడికి పోయినావంట? తాతల కాలం నుంచి నోరులేని జీవాల్ని సాకినోళ్ళం, నాకు నువ్వు చెప్పాల్నా?" నాకు ఒళ్ళు మండింది. కానీలే, నీ సంగతి నువ్వే చూసుకో అనుకున్నాను.

ఆ వేసవిలో ఒక మిట్టమధ్యాహ్నం మామ పెట్టెలను తోపుడుబండి మీదికి ఎక్కిస్తున్నాడు. "ఈడ చుక్క నీళ్ళు లేవు. మందను గుంట కాడికి తోలుకపోతాండా" అన్నాడు. ఎండలు ముదిరితే నీళ్ళున్న చోటికి మందను మార్చడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. అయితే ఈగలన్నీ అప్పుడు మేతకు పోయి ఉన్నాయి. పొద్దు గూకి అన్నీ లోపలికి చేరాకే పెట్టె కదపాలని, లేకపోతే బయటికెళ్ళినవి పాత చోటుకే తిరిగొచ్చి చస్తాయని నాకు శిక్షణలో మొదటిరోజే చెప్పారు. నేను వేపచెట్టు కింద కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటూ చూశాను. నోరు విప్పలేదు. నాలుగు ఈగలు చస్తే పొగరు దిగుతుందిలే అనుకున్నాను. మరిచిపోయానని ఇప్పుడు చెప్పుకోవచ్చు, కానీ మరిచిపోలేదు.

సాయంత్రానికి ఖాళీ బండ మీద ఈగలు ముద్దకట్టాయి. మర్నాడు ఎండకు రాలడం మొదలైంది. మామ తన గొంగడి తెచ్చి వాటికి నీడ పట్టాడు. తర్వాత గొర్రెలను పిలిచినట్టు నాలుకతో టక్కుటక్కుమనిపిస్తూ గుంట వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాడు. ఒక్కటీ రాలేదు. మళ్ళీ పిలిచాడు. కంచె అవతల ప్లేట్లు కడిగేవాళ్ళు నీళ్ళ పైపులు కింద పడేసి మరీ నవ్వారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. మూడోనాటికి బండ మీద నల్లటి పొట్టు మిగిలింది. గుంట దగ్గర పెట్టెల్లో ఉన్నవి మేత తెచ్చిపెట్టే దిక్కు లేక చచ్చాయి, చీమలు పట్టాయి.

ఖాళీ పెట్టెలు తీసుకుపోవడానికి సంఘం వాళ్ళు వచ్చారు. "పొద్దు మునిగినాక కదప్పా మార్చాల్సింది. మీ అక్క కూతురికి చెప్పింటిమే" అంది ఒకామె. మామ నా వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

తల ఊపాను. మామ తిట్టలేదు. తిట్టి ఉంటే నాలుగు రోజుల్లో మరిచిపోయేదాన్ని. "గొర్రె దారి తప్పితే, మాటల్లేని పగోడైనా గట్టు మీద నుంచి కేకేసి చెప్తాడు గదమ్మా" అన్నాడు. పుట్టినప్పటి నుంచి నన్ను 'ఏమే' అన్న మనిషి ఆ రోజు నుంచి 'అమ్మా' అనే పిలిచాడు, పరాయి ఆడదాన్ని పిలిచినట్టు. మరుసటి వారమే ప్లేట్లు కడిగే కూలికి పోయాడు.

మామ చనిపోయి మూడేళ్ళు దాటింది. ఆ మధ్యాహ్నం ఒక్క కేక వెయ్యడానికి రెప్పపాటు చాలేది. ఆ తర్వాత దేవుడు నాకు ఏళ్ళకేళ్ళు ఇచ్చాడు, తప్పయిందంటే వినే మనిషే పోయాక అంత కాలాన్ని ఏం చేసుకోను?