నాట్ల మడిలో ఎంచిన జట్టు

మా పీటీ సారు పోయారు. పొద్దున నమాజుకు లేచి, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయారట. ముల్చేరలో నేను పాఠాలు చెప్పే బడికి తయారవుతుంటే పోసక్క ఫోన్ చేసింది. "సారు లేడే ఇగ" అంది. ఫోన్‌లో వాన చప్పుడొక్కటే వినిపించింది. సాయంత్రం నమాజయ్యాక మట్టి ఇస్తారని తెలిసి, దొరికిన బస్సెక్కి మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచకు బయలుదేరాను.

సారు ఇంటి ముందు టార్పాలిన్ కట్టి కుర్చీలు వేశారు. మగవాళ్ళంతా అక్కడే కూర్చుని ఉన్నారు. వాళ్ళలో మా అప్పటి హెడ్మాస్టరు కూడా ఉన్నారు. రిటైరై కొన్నేళ్ళయినా ఆ గొంతులో అధికారం ఏమీ తగ్గలేదు. "మనిషి మంచోడే. ఇన్నేండ్లు ఆటలాడిచ్చిండు గని, బడికి ఒక్క షీల్డు తేలే పాపం. ఆడేటోళ్ళను ఎంచుకునుడు రాలే ఆయనకు" అన్నారు పక్కాయనతో.

తలుపు వెనకే సారు భార్య ఉన్నారు. మేమంతా ఖాలా అని పిలిచే ఆవిడకు ఆ మాట వినపడింది. ఏడుస్తున్న మనిషి ముందు రచ్చ చెయ్యడం ఇష్టం లేక నేను పళ్ళు బిగబట్టుకుని లోపలికి పోయాను. అక్కడ ఊరుకున్నాను కాబట్టి ఇక్కడ ఊరుకోను. షీల్డు తేలేదన్నది నిజం. ఎంచుకోవడం రాదన్నది పచ్చి అబద్ధం. ఆయన ఎంచిన జట్టులో నేనూ ఒకదాన్ని. ఆ సంగతి నేను కాకపోతే ఎవరు చెబుతారు?

మాది ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టు. బేస్‌బాల్ లాంటి ఆటే. బంతి కాస్త పెద్దది, బ్యాటు పట్టుకున్నవాళ్ళకు బంతి వేసేటప్పుడు చేతిని కింద నుంచి ఊపి వదలాలి. కొట్టినవాళ్ళు నాలుగు మూలలూ చుట్టి రావాలి. వాళ్ళు మూల చేరేలోపల బంతి అక్కడ కాపలా ఉన్న పిల్ల చేతిలో పడితే ఔట్. మా ఊళ్ళో అంతకు ముందు ఎవరూ చూడని ఆట అది. సారు గోనె సంచులు మడిచి మూలల్లో పెట్టి ఆడిస్తుంటే, దారిన పోయేవాళ్ళు ఆగి, వడ్లు ఎండబోస్తారేమో అనుకునేవారు.

ఈ ఆటకు పిల్లల్ని ఆయన ఎక్కడ వెతికారో చెప్పాలి. మా పొలం రోడ్డు పక్కనే. నాట్లప్పుడు ఒకరు గట్టు మీద నిలబడి నారు కట్టలు మడిలోకి విసురుతారు. నాటేవాళ్ళు ఎక్కడ వంగి ఉంటే అక్కడ, వాళ్ళ కాలి పక్కన కట్ట పడాలి. దూరం పడితే బురదలో నడిచి తెచ్చుకోవాలి, వరుస ఆగిపోతుంది. పోసక్క గట్టెక్కిన రోజు వరుస ఆగేది కాదు. మా పొలానికి కూలికి వచ్చేవాళ్ళ పిల్ల, నా క్లాసే. చేతిని కింద నుంచి ఊపి వదిలిందంటే, కట్ట పోయి సరిగ్గా మా అమ్మ మడమ పక్కన కూర్చునేది.

ఒక వానాకాలం సారు సైకిల్ మీద పోతూ అది చూశారు. సైకిల్‌కు స్టాండు వేశారు. బూట్ల తాళ్ళు రెండూ ముడేసి మెడలో వేసుకున్నారు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచారు, గట్టెక్కి నిలబడ్డారు. చాలాసేపు పడే కట్టలనే చూశారు. మా అమ్మకు భయం వేసింది, బడి మానిపించినందుకు అడగడానికి వచ్చారని. చివరకు ఆయన అడిగింది ఒక్కటే. "బిడ్డా, ఎడమ చేతితోని గూడ ఏస్తవా?"

పోసక్క వేసి చూపించింది. ఆ కట్టా మా అమ్మ మడమ పక్కనే పడింది. సారు నవ్వలేదు, మెచ్చుకోలేదు. "బంతి గూడ గిట్లనే ఏస్తరు. నాట్లయినంక గ్రౌండుకు రా" అని మళ్ళీ సైకిలెక్కారు. ఆ ఏడాది జట్టు మొత్తాన్ని ఇలా గట్ల మీద నిలబడే పోగేశారు. పోసక్క వేసే బంతిని బ్యాటు వెనక కూర్చుని పట్టే పని నాకు దొరికింది. వంగి కూర్చుని లేవడం నాట్లు వేసేదానికి ఏం కష్టం?

మొదటిసారి గడ్చిరోలిలో జిల్లా పోటీలకు పోయినప్పుడు మాత్రం మా పరువు పోయింది. దాచను. మా వాళ్ళు బంతిని ఆపేవాళ్ళు, చటుక్కున ఎత్తేవాళ్ళు, విసిరేవాళ్ళు. అది మూల దగ్గరున్న పిల్ల చేతిలో కాకుండా ఆమె కాలి పక్కన పడేది. ఆమె వంగి ఏరుకునేలోపల అవతలి జట్టు పిల్ల మూల దాటిపోయేది. మళ్ళీ విసిరితే మళ్ళీ అంతే. చుట్టూ నిలబడ్డ వాళ్ళు మరాఠీలో, ఈ అడవి పిల్లలకు కళ్ళు కనపడవా అని నవ్వారు. మాకు మరాఠీ రాదనుకున్నారో ఏమో. బడంతా మరాఠీలో చదివినవాళ్ళం, ప్రతి మాటా అర్థమైంది.

ఎండాకాలం సెలవులు పోయి బడి తెరిచాక హెడ్మాస్టరు జట్టును మార్చెయ్యాలన్నారు. నాట్లేసేవాళ్ళను తీసేసి, కాస్త ఎత్తుగా ఉండి రోజూ గ్రౌండుకు వచ్చే పిల్లల్ని పెట్టాలి. దానికి ట్రయల్ ఒకటి. ఆ ట్రయల్ సరిగ్గా నాట్ల మధ్యలో పెట్టారు. రానివాళ్ళకు జట్టులో చోటు లేదు. నాట్ల రోజుల్లో మేము ఎక్కడుంటామో ఆయనకు తెలియదా? మేము పోలేదు. గ్లవ్స్ తెచ్చి ఇచ్చెయ్యమని కబురొచ్చింది.

మాకు పోయేది ఆట ఒక్కటే కాదు. పోసక్కను ఇంట్లో బడి మానిపించకుండా ఆపుతున్నది సారు ఒక్కరే. "జట్టుల ఉన్నది, సారు అడుగుతడు" అని వాళ్ళమ్మ వాళ్ళ నాయనకు సర్దిచెప్పేది. జట్టులో చోటు పోతే ఆమె బడికి అదే ఆఖరు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. కాళ్ళ బురద కూడా సరిగ్గా కడుక్కోకుండా, గ్లవ్స్ చంకలో పెట్టుకుని బడికి పోయాం.

వరండాలో సారూ, హెడ్మాస్టరూ నిలబడి ఉన్నారు. సారు గొంతు పైకి లేవడం నేను విన్నది ఆ ఒక్కరోజే.

"ఒక్కలు తప్పు చేస్తే, ఆ పిల్ల చెయ్యి మంచిగ లేదనుకుందును సార్. తొమ్మిది మంది ఒక్కతీరుగ తప్పు చేసిన్రు. గది తప్పు గాదు, అలవాటు. పుట్టినకాంచి కాలు పక్కకు ఎయ్యమన్నరు, కాలు పక్కకే ఏసిన్రు. బెత్తెడు గూడ తప్పలే. గసొంటి చేతులు మీకు యాడ దొరుకుతయ్?"

"ట్రయల్‌కు రానోళ్ళ పేర్ల మీద నేను సంతకం చెయ్య" అన్నారు హెడ్మాస్టరు.

"చెయ్యకుండ్రి. గడ్చిరోలికి వేరే సారును జూస్కోండ్రి. నేను పోతే వీళ్ళతోనే పోత."

అప్పుడు మమ్మల్ని చూశారు. చంకలో గ్లవ్స్ చూశారు. "అయి ఎందుకు తెచ్చిన్రు? పరేషాన్ గాకుండ్రి. ఇంటికి తీస్కపోండ్రి" అన్నారు. పోసక్క అక్కడే గ్లవ్ చేతికి తొడుక్కుని, ఇంటిదాకా తొడుక్కునే వచ్చింది. ఆట నియమాలు తెలిసిన సారు బడిలో ఇంకొకరు లేరు కాబట్టి హెడ్మాస్టరు వారం గడిచాక సంతకం పెట్టారు. సంతోషంగా పెట్టారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మిగిలిన నాట్లలో సారు రోజూ మా గట్టు మీదికి వచ్చేవారు. కొత్త హుకుం ఏమిటంటే, కట్టలు కాలి పక్కన వెయ్యకూడదు. "చేతికే ఎయ్యాలె. చేతికే అందుకోవాలె." తడి నారు కట్ట చేతిలో పడితే బురద మొహం మీదికి చిందుతుంది. అందుకే కదా ఊరంతా కాలి పక్కన వేసేది! మా నాయనమ్మ వరుసలో నుంచి నడుము లేపి తిట్లు అందుకుంది.

"ఓ సారూ, నీ ఆట మన్నువడ! కండ్లల్ల బురద గొట్టి సంపుతున్నరు నన్ను!"

"జర ఓర్సుకో అవ్వా. నీ మనుమరాలు గడ్చిరోల్ల గెలువాలె గదా."

"గడ్చిరోలి గెలిస్తె నా మడి నాటు పడ్తదా?"

అలా అన్న మనిషి మర్నాడు తువ్వాలు కళ్ళ కింది దాకా చుట్టుకుని, రెండు చేతులూ చాపి నిలబడింది. ఆమె ఉన్నంత కాలం ఆ కోపం పోలేదు, కట్ట చేతికి అందుకోవడమూ మానలేదు.

ఎవరైనా బంతి వదిలేస్తే సారు చేతి వైపు చూసేవారు కాదు, కాళ్ళ వైపు చూసేవారు. "చెయ్యి సంగతి తర్వాత. కాళ్ళు ఎక్కడ పెట్టినవ్?" ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. ఇప్పుడు నా క్లాసులో పిల్ల లెక్క తప్పు చేస్తే జవాబు వదిలేసి, ఎక్కడ మొదలుపెట్టిందో చూస్తాను. ఆ చూడడం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆ ఏడాది గడ్చిరోలిలో మమ్మల్ని చూసి ఎవరూ నవ్వలేదు. బంతి ఎక్కడ వెయ్యాలో అక్కడే, చేతికే వేశాం. ఆఖరి ఆట దాకా పోయాం. ఆఖరి ఆట ఒక్క పరుగుతో ఓడిపోయాం. సాకులు లేవు, వాళ్ళు మాకంటే బాగా ఆడారు. తిరిగి వస్తుంటే ఆష్టిలో బస్సు ఆగింది. సారు అందరికీ చాయ్ చెప్పారు. మేం గ్లాసులు చేతిలో పట్టుకునే కూర్చున్నాం. పోసక్కే ధైర్యం చేసి అడిగింది.

"ఈసారి ఎవ్వలను తీసేస్తరు సార్?"

ఆయన గ్లాసు కింద పెట్టి, నిజంగా అర్థం కానట్టు చూశారు. "తీసేసుడేంది? వచ్చే ఏడు నారు పోసిన కాంచే మొదలు వెడ్దాం" అన్నారు. చాయ్ తాగాం.

అదీ ఆయన ఎంపిక. తర్వాత ఇంకో హెడ్మాస్టరు వచ్చి జట్టును మార్చమన్నా, సారు అదే జవాబు చెప్పారు. షీల్డు రాలేదు. పోసక్క మాత్రం పదో తరగతి పాసయింది, వాళ్ళింట్లో మొట్టమొదటిసారి. మీరు షీల్డే లెక్క చూస్తానంటే చూసుకోండి. నా లెక్క నాకుంది.

మా దగ్గర ఆడవాళ్ళు ఖబరస్తాన్ దాకా పోరు. ఖాలా దగ్గర కాసేపు కూర్చుని, వానలోనే మా పొలం వైపు నడిచాను. సారును మోసుకెళ్ళే జనాజా ఆ రోడ్డునే పోవాలి. మడిలో నాట్లు పడుతున్నాయి. దున్ని నీళ్ళు పెట్టిన మడి ఎవరికోసమూ ఆగదు. పోసక్క మధ్యాహ్నం వచ్చి సారును చూసి, మళ్ళీ గట్టెక్కింది. హెడ్మాస్టరు అన్నమాట ఆమెకు చెప్పాను. "నేను పోయినప్పుడు గూడ గదే అన్నడు" అంది, అంతే.

నేను అవతలి గట్టు మీదికి పోయి నిలబడేసరికి మలుపు దగ్గర జనాజా కనిపించింది. ముందు వరుసలో హెడ్మాస్టరు గొడుగు పట్టుకుని నడుస్తున్నారు. "నడుములు లేపుండ్రే" అంది పోసక్క. నాటేవాళ్ళంతా లేచి నిలబడ్డారు. వాళ్ళలో మా జట్టువాళ్ళూ ఉన్నారు. సారు సరిగ్గా మా మడి ముందుకు వచ్చినప్పుడు పోసక్క ఒక కట్ట తీసుకుని, అవతలి గట్టు మీద ఉన్న నా వైపు తిరిగింది. నా కాళ్ళ వైపు చూసింది. నేను కాళ్ళు సర్దుకుని, బస్సులో వచ్చిన చీరలోనే వంగి చేతులు చాపాను. చేతిని కింద నుంచి ఊపి వదిలింది. కట్ట మడి దాటి వచ్చి నా రెండు చేతుల్లో పడింది. మొహం నిండా బురద చిందింది. హెడ్మాస్టరు అడుగు ఆపి మా వైపే చూస్తున్నారు. నేను తుడుచుకోలేదు.