పేజీకి నాలుగు మూలలా

నా పుస్తకాన్ని ఎవరో తీసి చూశారు. సంచి తెరవగానే తెలిసిపోయింది. అట్ట మీద ఉండే రబ్బరు పట్టీని నేనెప్పుడూ అంచుకు జరిపి పెడతాను. ఆ రోజు అది మధ్యకు వచ్చి ఉంది. పుస్తకం కింద ఉండాల్సిన రంగు పెన్సిళ్ళ డబ్బా పైకి వచ్చింది. తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, పుట్టింటి మంచం మీద కూర్చుని ఆ సంచి వంక చాలాసేపు చూశాను. నేను స్నానానికి వెళ్ళినప్పుడు లోపల తిరుగుతున్నది మా తమ్ముడి భార్య. ఇంకెవరి మీదా నాకు అనుమానం రాలేదు.

అనుమానం నాతోపాటే పుట్టిందని మా ఆయన అంటాడు. అబద్ధమేమీ కాదు. తాళం వేశాక వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి లాగి చూస్తాను. కూరగాయల బండి దగ్గర తక్కెడను కాదు, తూచేవాడి చేతిని చూస్తాను. మార్కాపురంలో పలకల కంపెనీ ఆఫీసులో నా ఉద్యోగం. లారీ ఎక్కిన పెట్టెలు బిల్లుతో సరిపోయాయో లేదో చూసుకోవాలి. అక్కడ ఈ గుణం బాగా పనికొస్తుంది. ఇంట్లోనే తలనొప్పి.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. బుల్లెట్ జర్నల్ అంటారు దాన్ని. నెలలో చేయాల్సిన పనులు, చేసిన పనులు, తాగిన నీళ్ళు, మానేసిన నడక, అన్నీ మనకు నచ్చినట్టు పేజీలు కట్టుకుని రాసుకోవచ్చు. ఫోన్లో వీడియోలు చూసి మొదలుపెట్టాను. గీతలకు బదులు చుక్కలుండే పుస్తకం కావాలంటే మా ఊరి స్టేషనరీ దుకాణాల్లో దొరకలేదు, ఆన్‌లైన్లో తెప్పించుకున్నాను. మొదటిసారి దాన్ని చూసి మా మరదలు, "ముగ్గుల పుస్తకమా వదినా?" అంది. చుక్కలున్నాయి కదా మరి. నవ్వొచ్చింది కానీ, ఎందుకు అడుగుతోందా అని కూడా అనుకున్నాను.

వీడియోల్లో వాళ్ళు పేజీ అంచుల్లో మొక్కలు వేస్తారు. చిల్లులు పడిన పెద్ద పెద్ద ఆకులు, ముద్దొచ్చే కుండీల్లో ముళ్ళ మొక్కలు. నేనూ అవే దించాను. ఎన్ని రంగులు పూసినా అవి ఎవరింట్లోవో అనిపించేవి. ఒక ఆదివారం మా ఊరు వెళ్ళినప్పుడు పొలం గట్టు మీద కూర్చుని తంగేడు కొమ్మ వేశాను. పసుపు కొంచెం ముదురైంది, అయినా ఆ పేజీని నాలుగైదు సార్లు తిప్పి చూసుకున్నాను. అప్పటి నుంచి పుస్తకంలోకి బయటి మొక్క రాలేదు.

మా ఊరు రాచర్ల దగ్గర. గిద్దలూరు బస్సెక్కి, మధ్యలో దిగి షేర్ ఆటో పట్టుకోవాలి. అమ్మ పోయాక అక్కడికి వెళ్ళాలంటే ఏదో ఒక సాకు వెతుక్కోవాల్సి వస్తోంది. ఏం పని మీద వచ్చావని ఎవరూ అడగరు. అడగకపోయినా చెప్పాలనిపిస్తుంది. బొమ్మలతో నాకు మంచి సాకు దొరికినట్టయింది. నాయనను చూడటం, మరదలు పెట్టింది తినడం, తర్వాత పొద్దు వాలేదాకా గట్టు మీద కూర్చోవడం. పుట్టింట్లో నాకు మిగిలింది ఆ కూర్చోవడమే. దానికి ఎవరైనా అడ్డు వస్తారేమోనని నాకు ఎప్పుడూ లోపల భయం.

పొలంలో కంది తప్ప ఏమీ ఉండదు. మా తమ్ముడు కలుపు మొక్క కనిపిస్తే నిలవనివ్వడు. నాగలి తగలని గట్ల మీదే మిగిలినవన్నీ బతుకుతాయి. కిత్తనార, జిల్లేడు, ఉత్తరేణి, రేగు కంప, తంగేడు. ఎండను బట్టి నీడ మారేది, నీడను బట్టి నేను మారేదాన్ని. అట్లా చూస్తే పొలం చుట్టూ అన్ని గట్లూ తిరిగాను. నెల మొదటి పేజీకి నాలుగు మూలలా నాలుగు మొక్కలు వేయడం అలవాటైంది. ఒక్కో గట్టుది ఒక్కో మూలకు వేస్తే చూడటానికి నిండుగా ఉంటుంది.

ఊళ్ళో భూములన్నీ మళ్ళీ కొలిచి కొత్త రాళ్ళు పాతిన రోజులవి. కాగితాల్లో పేర్లు ఎక్కించుకునే హడావుడి ప్రతి ఇంట్లోనూ ఉంది. ఆటో ఎక్కితే అదే మాట. ఎవరి ఆడబిడ్డో భాగం అడిగిందట, ఎవరి అక్కో సంతకానికి రానందట. నేను ఒక అంచున కూర్చుని వినేదాన్ని. మా ఇంటికి ఆ మాటలు రావని నా నమ్మకం.

రబ్బరు పట్టీ జరిగిన రోజు నుంచి అన్నీ కొత్తగా కనబడసాగాయి. నేను వాకిట్లో అడుగు పెడితే లోపల మాట ఆగిపోయేది. మా తమ్ముడు అన్నం దగ్గర తల వంచుకుని, "ఈ పొద్దు ఏ గట్టు మీద కూర్చుంటావు అక్కా?" అన్నాడు. ఎప్పుడూ అడగని మాట. నేను పొలం వెళ్ళిన కాసేపటికి మోటారు చూడాలంటూ వాడూ వచ్చాడు. కరెంటు లేని వేళ మోటారులో ఏం చూస్తాడు? నేను గీస్తున్నంతసేపూ మోటారు షెడ్డు దగ్గర నిలబడి ఫోన్ నొక్కుతూ ఉన్నాడు. నేను లేచాకే కదిలాడు.

ఇదంతా మరదలి పనేనని నాకు రూఢి అయిపోయింది. పుస్తకం చూసింది, వాడి చెవిలో ఏదో ఊదింది. ఏం ఊదిందో మాత్రం అంతుపట్టలేదు. తర్వాతి సారి వెళ్ళినప్పుడు పేజీల మధ్య ఎండిన ఉత్తరేణి ఆకు ఒకటి పెట్టి, సంచి మంచం మీదే వదిలేసి బావి వైపు వెళ్ళాను. చాలాసేపటికి తిరిగొచ్చి చూస్తే ఆకు లేదు. మంచం కింద నేల మీద పడి ఉంది. లారీ పెట్టెల్లో తేడా పట్టుకున్నప్పుడు కలిగే సంతోషం లాంటిదే కలిగింది, సిగ్గు లేకుండా.

మరదలు వంటింట్లో రొట్టెలు తడుతోంది. వెళ్ళి ఆకు చూపించాను.

"నా సంచిలో ఏం వెతుకుతున్నావమ్మా? అడిగితే నేనే చూపిస్తాను కదా."

ఆమె ముఖం ఎర్రబడింది. పెనం మీది రొట్టెను తిప్పకుండా వదిలేసింది.

"నాకెందుకు వదినా నీ సంచి? నేను ముట్టుకోలేదు. మామ తీసినాడు. పోయినసారి గూడ మామే తీసినాడు. తీసి మీ తమ్మునికి చూపించినాడు."

"నాయనా? నాయనకు నా పుస్తకంతో ఏం పని?"

"నాలుగు మూలలా నాలుగు గట్లు ఏసుకున్నావంట కదా. 'హద్దులు రాసుకుంటాంది, మార్కాపురంలో ఎవురికో చూపిస్తాది' అన్నాడు. మీ తమ్ముడు నమ్మలేదు. 'అక్క అట్ల చేసేది కాదు' అని నాయనతో వాదులాడినాడు. మళ్ళ నువ్వు గట్టు గట్టుకూ తిరుగుతాంటే ఆయప్పకు గూడ అనుమానం పట్టుకునింది."

రొట్టె మాడిన వాసన వచ్చింది. ఆమె దాన్ని తీసి పక్కన పడేసింది. ఇన్నాళ్ళూ నేను అనుమానించింది తననేనని ఆమెకు తెలిసిందేమో, నా వైపు మళ్ళీ చూడలేదు. నాకు ఒళ్ళు మండింది. తమ్ముడు అనుకుంటే సర్దుకునేదాన్ని. మరదలు అనుకుంటే పోట్లాడేదాన్ని. నాయన నా సంచి తెరిచి చూశాడంటే ఏం చేయాలో తోచలేదు. పుస్తకం చేతిలో పట్టుకుని, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పొలం దారి పట్టాను.

నాయన మేకల్ని బీడులోకి తోలి, గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. నన్ను చూసి కొంచెం పక్కకు జరిగాడు. నేను కూర్చోలేదు.

"చూడు నాయనా, ఏముంది దీంట్లో? మొక్కలు. ఊరికే సరదాకు వేసుకున్న మొక్కలు. దీనికి నా సంచి ఎందుకు తీశావు?"

తీయలేదని అంటాడేమో అనుకున్నాను. అనలేదు. పుస్తకం అందుకుని, చేతులు పంచెకు తుడుచుకుని పేజీ తిప్పాడు. బొటనవేలు బొమ్మకు తగలకుండా పట్టుకున్నాడు.

"ఇది తూరుపు గట్టు కిత్తనార. ఎద్దు తొక్కితే కొన ఇరిగింది, అట్లే ఏసినావు. ఇది పడమటి రాయి కాడి తంగేడు. రాయి గూడ ఏసినావు. ఇది వంక పక్క రేగు కంప. మొక్కలైతే యాడైనా ఉంటాయి గదమ్మా. మన గట్టు మీదివే ఎందుకు?"

"ఇక్కడ కూర్చుంటాను కాబట్టి ఇక్కడివే వేశాను. రాయి పక్కనే ఉంది కాబట్టి రాయి వేశాను. దీంట్లో ఇంకేం లేదు."

"అడగాలనుంటే నోరు తెరిచి అడుగు. నీ తమ్ముడు కాదనడు, నేను గూడ కాదనను. చెప్పకుండా రాసుకొని పోతాంటే మాకేం తెలుస్తాది, ఆ కాగితాలు ఎవురి చేతికి పోతాయో ఏందో."

"నాకేం వద్దు నాయనా. ఎకరం వద్దు, గట్టు వద్దు. కావాలంటే రేపే వచ్చి సంతకం పెడతాను."

గొంతు పెరిగింది నాకు. ఏడుపు కూడా వచ్చింది. నాయన పుస్తకం మూసి, రబ్బరు పట్టీ తగిలించి నా చేతికి ఇచ్చాడు. ఇచ్చాక కూడా నా ముఖం వంకే చూస్తూ ఉన్నాడు. ఆ చూపులో కోపం లేదు, నమ్మకం కూడా లేదు.

"వద్దనుకున్నదాన్ని ఎవురన్నా ఇంత బాగా చూస్తారా అమ్మా?" అన్నాడు.

అట్లా ఏం లేదు నాయనా, అనబోతూ చేతిలోని పుస్తకాన్ని చూశాను. ఆ పొలం నాకు కావాలని ఉందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. నాయనకు నాకన్నా ముందే తెలిసిపోయింది.