పరిటాల దగ్గర పారేసిన గొట్టం

ఎనిమిదేళ్ళుగా ఒక మాట నా గొంతుకి అడ్డం పడి ఉంది. తింటున్నా ఉంటుంది, నవ్వుతున్నా ఉంటుంది. గుళ్ళో దణ్ణం పెట్టుకునేటప్పుడు మరీ ఉంటుంది. ఇంట్లో వాళ్ళకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకేనేమో, మీకైతే చెప్పగలననిపిస్తోంది.

జగ్గయ్యపేటలో నాకో మెకానిక్ షెడ్డుంది. పాత కార్లకి నాది మంచి చెయ్యని చుట్టుపక్కల పేరు. ఆ పేరంటే నాకు చచ్చేంత ఇష్టం. మొదట ఒప్పుకోవాల్సింది బహుశా అదే.

నందిగామ నుంచి ఒక టీచరు గారు నా దగ్గరికి వచ్చేవారు. ఆవిడ పేరు రాయను. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. పెనుగంచిప్రోలులో ఉండే చెల్లెలికి పక్షవాతం వచ్చి కాళ్ళు పడిపోతే, ప్రతి ఆదివారం కారేసుకుని వెళ్ళి, చెల్లెల్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మునేటి ఒడ్డు దాకా తిప్పి తీసుకొచ్చేవారు. ఆ కారు తయారు చెయ్యటం ఎప్పుడో మానేశారు. సామాన్లు దొరకవు. అమ్మెయ్యమని ఎంతమంది చెప్పినా ఆవిడ వినలేదు.

ఆ కారు ఆపిన చోటల్లా కింద పచ్చగా కూలెంట్, అదే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళు, కారి ఉండేది. రేడియేటర్ కింది నుంచి ఇంజన్‌లోకి పోయే రబ్బరు గొట్టం బీటలు వారింది. రెండుసార్లు అతుకేసా. రెండు వంపులున్న గొట్టం అది, వేరే కారుది పట్టదు. "కొత్తది వెయ్యాల్సిందేనండీ, కానీ ఇది రావట్లేదు" అని చేతులెత్తేసా. ఆవిడ ఎత్తెయ్యలేదు. నాలుగు నెలలపాటు ఏ ఊళ్ళో పాత సామాన్ల కొట్టుందంటే ఆ ఊరికి ఫోన్ చేసి, చివరికి కోయంబత్తూరులో ఎవరి అటక మీదో ఒకటుంటే తెప్పించారు. పాత చీర ముక్కలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇదొక్కటే ఉందటయ్యా" అన్నారు.

ఆ రోజు మా బావమరిది గృహప్రవేశం. భోజనాలకి టైమవుతోంది. ఆవిడ బజారు పని చూసుకొస్తానని వెళ్ళారు. ఏళ్ళ తరబడి అటక మీద పడున్న గొట్టం కదా, కర్రలా బిగుసుకుపోయింది. అలాంటిదాన్ని వేడినీళ్ళలో కాసేపు నానబెట్టి మెత్తబడ్డాక ఎక్కించాలి. నాకు తెలుసు. అయినా నీళ్ళు కాచేదాకా ఎవరాగుతారని, అంచు కింద స్క్రూడ్రైవర్ పెట్టి నెట్టా. చప్పుడు కూడా రాలేదు. మొన రబ్బరులోకి దిగింది, గొట్టం బెత్తెడు పొడుగున చీలింది.

ఆవిడ రాగానే చెప్పొచ్చుగా? పొరపాటైందండీ అంటే ఆవిడ కొడతారా, తిడతారా? బాధపడతారు, అంతే. కానీ అంత పేరున్న నేను ఒక గొట్టం ఎక్కించలేకపోయానని ఆవిడ నోటితో కాదు, కళ్ళతో అనుకున్నా తట్టుకోలేననిపించింది. పాత గొట్టమే మళ్ళీ బిగించా. బీట మీద రబ్బరు ముక్క చుట్టి, క్లిప్పు వేసి, పైన టైర్లకి రాసే నల్ల పాలిష్ పూసా. నిగనిగలాడింది. ఆవిడొచ్చి వంగి చూసి, "ఇంక నిశ్చింతే కదూ" అన్నారు. నిశ్చింతేనండీ అన్నా.

ఆ అతుకు ఊడేలోపు ఇంకోటి వెతికి చెప్పకుండా మార్చేద్దామనుకున్నా. విజయవాడలో వెతికా, ఖమ్మంలో వెతికా. దొరకలేదు. కారు బానే తిరుగుతోంది. తిరుగుతున్న కొద్దీ నా భయం తగ్గింది, భయం తగ్గిన కొద్దీ వెతకటం తగ్గింది. ఏడాది తిరిగేసరికి మానేసా.

ఆ తర్వాతి వేసవిలో ఒక మధ్యాహ్నం టీచరు గారి ఫోనొచ్చింది. చెల్లెల్ని విజయవాడ ఆస్పత్రికి తీసుకెళ్తుంటే పరిటాల దగ్గర కారు ఆగిపోయిందట. బండి మీద వెళ్ళా. హైవే పక్కన ఆ ఎండలో, చెల్లెలు గారు కారులోనే వెనక్కి వాలిపోయి ఉన్నారు. టీచరు గారు తడి తువ్వాలుతో ఆవిడ ముఖం తుడుస్తున్నారు. నేను బానెట్ ఎత్తా. నేను వేసిన అతుకే. నోరు తెరుచుకుని ఉంది.

ఇక్కడ నేను చేసింది రాయాలంటే చెయ్యి ఆగుతోంది. చెల్లెలికి నీళ్ళు తాగించటానికి టీచరు గారు అటు తిరిగారు. గొట్టం కోసేసి రోడ్డు దిగువన తుప్పల్లోకి విసిరేసా. ఆలోచించి చేసానా? లేదు. చెయ్యి దానంతటదే చేసింది. కానీ ఆ తర్వాత అన్న మాట మాత్రం చెయ్యి అనలేదు, నేనే అన్నా.

"చుక్క నీళ్ళు లేవండీ ఇందులో. ఆ వేడికి గొట్టం కూడా పోయింది."

"బయల్దేరేముందు చూసానయ్యా. నిండుగా ఉన్నట్టే గుర్తు."

నేను తల ఎత్తలేదు. "మర్చిపోయుంటారు టీచర్ గారూ. వయసు కదండీ."

ఆవిడ తువ్వాలు పిండి చెల్లెలి నుదుటి మీద వేశారు. తర్వాత మెల్లిగా, "మా అమ్మకీ ఇలాగే మొదలైంది" అన్నారు.

వాళ్ళమ్మ చివరి రోజుల్లో కూతుళ్ళని కూడా గుర్తుపట్టలేదని, తనకీ అది వస్తుందేమోనని భయంగా ఉంటుందని, ఒకప్పుడు షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఆవిడే నాకు చెప్పారు. అది తెలిసే ఆ మాట అన్నానా? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగా. అప్పుడు గుర్తులేదు అని చెప్పుకోవాలని ఉంది. కానీ వేరే ఏ మాట అన్నా ఆవిడ నమ్మేవారు కారు, ఈ మాట మాత్రం నమ్ముతారు అని నాలో ఎవడికో తెలుసు.

ఇంజన్ పాడైంది. బాగుచేస్తానంటే వద్దన్నారు. "చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇంత పని చేసా. రేపు ఇంకేం మర్చిపోతానో" అన్నారు. చెల్లెలికి ఆదివారాల షికారు ఆగిపోయింది. సాయంత్రాలు ఆడపిల్లలకి లెక్కలు చెప్పేవారు, తప్పు చెప్తానేమోనని అదీ మానేశారని విన్నా. విజయవాడ డాక్టరు పరీక్షలు చేసి ఏమీ లేదన్నాడట. ఆవిడ ఆ డాక్టర్ని నమ్మలేదు. నన్ను నమ్మారు.

రెండేళ్ళ తర్వాత నందిగామ బస్టాండులో కనపడ్డారు. మా పిల్లల్ని పేరుపేరునా అడిగారు. మావాడికి చిన్నప్పుడు విరిగింది ఎడమ చెయ్యని కూడా గుర్తుంది. అన్నీ గుర్తున్న ఆ మనిషి చేతిలో ఒక చీటీ ఉంది. ఎక్కడ దిగాలో, ఎవరింటికి వెళ్ళాలో, తలుపు తాళం వేశారో లేదో, అన్నీ రాసుకున్నారు. నేను చూస్తున్నానని గ్రహించి నవ్వారు. "నా మీద నాకు నమ్మకం లేదయ్యా" అన్నారు. అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచా. "బస్సొచ్చిందండీ" అన్నా.

ఇప్పుడు ఆవిడ పెనుగంచిప్రోలులో చెల్లెలి దగ్గరే ఉంటున్నారు. రెండుసార్లు ఊళ్ళోకి వెళ్ళి, వాళ్ళ వీధి మలుపులోంచి వెనక్కి వచ్చేసా. ఇన్నేళ్ళకి నిజం తెలిస్తే, పోయిన ఏళ్ళు తలుచుకుని ఆవిడ ఇంకా కుమిలిపోతారేమో అని నాకు నేను చెప్పుకుంటా. అది ఆవిడ మీద జాలి కాదు. నా పిరికితనం జాలి ముఖం పెట్టుకుంది, అంతే.

మీకు చెప్పటం ఆవిడకి చెప్పటం కాదని తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కానీ ఇంతవరకూ రాసి, షెడ్డు తలుపు దగ్గరికి వేసి, ఎవరూ లేరని చూసుకుని, పైకే అన్నా: కారులో నీళ్ళు నిండుగానే ఉన్నాయండీ టీచర్ గారూ, మీరు చూశారు, మీరేమీ మర్చిపోలేదు. ఆ మాట బయటికొచ్చింది.