ఎండలో వాటా అడిగిన బాయి

పోయిన నెల ఒక పొద్దున వాకిట్లో మంచినీళ్ల నల్లా కింద బిందె పెట్టి నిలబడ్డాను. పై అంతస్తు పిల్ల మెట్లు దిగుతూనే, "వదినా, బాయి పోయింది. ఆస్పత్రి నుంచి ఇప్పుడే కబురొచ్చింది" అన్నది. బిందె నిండి నీళ్లు కాళ్ల మీదికి పారుతున్నా నేను కదల్లేదు. నా వెనక లైన్లో ఉన్నవాళ్లూ అరవలేదు. నీళ్ల దగ్గర మావాళ్ల అరుపులు లేకపోవడం అదే మొదలు.

బొంబాయి మునిసిపల్ బడుల్లో పంతులమ్మను పిల్లలు బాయి అంటారు. మా తెలుగు బడిలో ఆమె భూగోళం చెప్పేది. మా తాతల్లాగే ఆమె తాతా పాలమూరు వైపు నుంచి రాళ్లు మోయడానికి వచ్చినవాడే. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే "తీరిక దొరకలే" అనేది. మేముండే కామాఠిపురాలో ఒళ్లమ్ముకునేవాళ్ల ఇళ్లున్నాయని, మా చుట్టాలు ఆ పేరెత్తడానికి నామోషీపడి "బొంబాయి సెంట్రల్ పక్కన" అని నసిగేవాళ్లు. బాయి మాత్రం గల్లీ నంబరుతో సహా చెప్పేది. "ఈ పట్నం గోడలు లేపింది మనోళ్లు. మనకెందుకు సిగ్గు?" అనేది.

నేను ఆమె దగ్గరే చదువుకున్నాను. పెళ్లయ్యాక ఆమె ఉండే చాల్‌లోనే, ఒంటిగదుల వరసల పాత బిల్డింగులో, కింది అంతస్తు వెనక ఖోలీకి కాపురానికొచ్చాను. ఆ గదిలో మిట్టమధ్యాహ్నం కూడా బల్బు వేయాల్సిందే. నా కొడుకు నడక మొదలుపెట్టేసరికి కాళ్లు విల్లులా వంగాయి. డాక్టరు మందులిచ్చి, రోజూ ఎండలో ఉంచమన్నాడు. "ఎండ ఏ దుకాన్ల దొరుకుతది బాయీ?" అని ఏడ్చాను. ఆమె బిడ్డను చంకనేసుకొని గచ్చి మీదికెక్కింది. పైకప్పు డాబాను మేం గచ్చి అంటాం. అక్కడ అద్దం మూత ఉన్న ఆమె సౌర పొయ్యి ఉండేది. పొద్దున పప్పూ బియ్యం అందులో పెట్టి బడికి పోతే మధ్యాహ్నానికి ఉడికేవి. కిరసనాయిలు లైన్లో నిలబడ్డ మమ్మల్ని చూసి, "సూర్యుడు రేషన్ కార్డు అడగడు" అని నవ్వేది.

అంతలో చాల్ పడగొట్టి కొత్తది కడతామని బిల్డరు మనిషి నక్షా పట్టుకొచ్చాడు. వాకిలి ఉండదు. ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, దాదాపు ఆనుకొని రెండు ఎత్తైన బిల్డింగులు. ఇంటింటికీ సొంత సండాస్, ఇక దొడ్డికి లైను కట్టక్కర్లేదు అనగానే అందరం మురిసిపోయాం. బాయి నక్షా అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్ల ఎండ ఏది?" అన్నది.

"బొంబాయిల ఎండకు కరువా బాయీ?" అని అతను నవ్వాడు. మేమూ నవ్వాం.

"బయట కరువు లేదు. ఈ పిల్ల ఖోలీల ఉంది" అని నన్ను చూపించింది. "ఎండ ఎక్కువైతే కిటికీ మూస్తం. గోడ కట్టినంక ఏం తెరుస్తం?"

మరునాటి నుంచి ఫోరస్ రోడ్డు చెప్పుల దుకాణాల్లో ఖాళీ అట్టపెట్టెలు అడిగి తెచ్చింది. వాటికి కిటికీలు కోసి గల్లీ మొత్తం తయారుచేసింది. చలికాలం ఆదివారం, గచ్చి మీద అందరికీ చూపిస్తానంది. ఆ పొద్దునే బిల్డరు వైపున్న చాల్ ఓనరు గచ్చికి తాళం వేయించాడు. నా బిడ్డకున్న ఆ కాస్త ఎండా పోయిందనుకున్నాను. బాయి తాళాన్ని చూసి, "రోడ్డుకు కూడా తాళమేస్తడా?" అన్నది.

గల్లీ నడుమ చెక్క పరిచి పెట్టెలు పేర్చింది. చేతిబండ్లు ఆగిపోయాయి. మొదట బిల్డరు నక్షా ప్రకారం పెట్టింది. మధ్యాహ్నపు ఎండలో కూడా వెనక, ఉత్తరపు పెట్టెల కిటికీలన్నీ నల్లగా ఉన్నాయి. తర్వాత దక్షిణం వైపు పై అంతస్తులు తీసేసి, నడుమ వాకిలి వదిలింది. ఉత్తరపు పెట్టెల కింది కిటికీల దాకా వెలుగొచ్చింది. నా ఖోలీ ఏదో వెతుక్కొని అందులోకి వేలు పెట్టాను. వేలు మీద ఎండ పడింది.

ఎదురింటి గుమ్మంలో ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు. ఒకామె దగ్గరికొచ్చి, వీటిలో తమ ఇల్లేదని హిందీలో అడిగింది. పడమటి పెట్టెను బాయి చూపించింది. "దక్షిణం వైపు తక్కువ కడితే పొద్దుటి ఎండ దాని మీదుగా మీ గుమ్మానికి వస్తది. లేకుంటే మా నీడే మీకు."

"వాళ్ల సంగతి మనకెందుకు?" అన్నాడు మా పెద్దమనిషి ఒకాయన.

"గల్లీ ఒక్కటే, సూర్యుడొక్కడే. నువ్వు గీత ఎక్కడ గీస్తవ్, నేన్జూస్త!" అన్నది బాయి.

బిల్డరు ఊరుకోలేదు. రోడ్డువైపు పెద్ద ఖోలీ ఇస్తానని ఆమెకు ఆశపెట్టాడు. "నా ఖోలీకి ఎండ ముందే ఉన్నది. లేనోళ్లకియ్యి" అని అందరూ వినేటట్టు వరండాలోంచి అరిచి చెప్పింది. నక్షా మారేదాకా ఎవరం సంతకం పెట్టి ఖాళీ చేయొద్దని పట్టుబట్టింది. ఆ వానాకాలమంతా కారే కప్పు కింద గిన్నెలు పెట్టుకొని గడిపాం. ఆమె వల్లే ఈ తిప్పలని మొహం మీదే తిట్టినవాళ్లున్నారు. "తిట్టు, గని సంతకం పెట్టకు" అనేది.

సంతకాలు చాలక చివరికి బిల్డరు దిగొచ్చాడు. దక్షిణపు బిల్డింగు తక్కువ ఎత్తుతో లేచింది, వాకిలి మిగిలింది. గచ్చి మీద నీళ్లు కాచే సౌర గొట్టాలు అందరికీ కావాలని కూడా అడిగింది. అవి మాత్రం రాలేదు. ఆ కోపం ఆమెకు చివరిదాకా తగ్గలేదు. నా కొడుకు ఇప్పుడు వాకిట్లో క్రికెట్ ఆడుతూ అద్దాలు పగలగొడుతున్నాడు.

బాయి పెద్దకర్మ అయిన మరుసటి వారమే దక్షిణపు బిల్డింగు మీదికి పనివాళ్లెక్కారు. ఇంకో రెండంతస్తులట. "బాయి లేదు గదా" అన్నాడట బిల్డరు. పొద్దున లేచేసరికి ఇనుప చువ్వలు వరుసగా నిలబడి ఉన్నాయి.

మేం ఉతికిన బట్టల బకెట్లతో పైకెక్కాం. ఎదురింటి ఆడవాళ్లూ తమ బట్టలతో వచ్చారు. చువ్వ నుంచి చువ్వకు చీరలు కట్టేశాం.

"తీయండమ్మా, పని ఆగింది" అన్నాడు మేస్త్రీ.

"ఆరనియ్యి" అన్నాను.

"ఎప్పటికి ఆరుతయి?"

ఎదురింటామె ఇంకో తడి చీర పిండి కట్టింది. అప్పటి నుంచి రోజూ పొద్దున ఒకరివి తీస్తే, తడివి ఇంకొకరివి పడుతున్నాయి. ఇది రాస్తున్నప్పుడు కూడా కిటికీలోంచి కనిపిస్తున్నాయి. ఎర్రవి, పసుపువి, మా చీరలేవో వాళ్ల చీరలేవో తెలియకుండా, చువ్వల మీద టపటపా కొట్టుకుంటున్నాయి.